ఫైలు ఏ బల్ల మీద ఆగింది?

ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్ళకు ముందుగా ఒక ముక్క. నేను లాయర్ని కాను. గుంటూరు జిల్లాలో ఒక మండల రెవెన్యూ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు గుమస్తాగా పనిచేశాను. మా వారి ఉద్యోగం వల్ల న్యూజెర్సీ వచ్చి పడ్డాను. ఇప్పుడు శనివారాలు మా ఊరి లైబ్రరీలో, పౌరసత్వం ఫారం ముందేసుకుని తల పట్టుకున్న తెలుగువాళ్ళ పక్కన కూర్చుంటాను. నాకు తెలిసింది రెండు రకాల తెలివి: ఫైలు కోసం ఎదురుచూసేవాళ్ళ టెన్షన్ ఒకటి, ఫైలు ముందున్న కుర్చీలో కూర్చున్నవాళ్ళ అలవాట్లు ఇంకొకటి. ఈ నెల ఉత్తరాల్లో మూడింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది, అందులో అంత సంగతి ఉంది మరి.

ప్రశ్న: ఆంటీ గారూ, మాది తెనాలి. ఉంటున్నది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. నేనూ మా ఆవిడా 2024 సెప్టెంబరులో ఒకే రోజు, ఒకే పోస్టాఫీసులో పౌరసత్వం కోసం ఎన్-400 ఫారాలు పంపాం. ఆన్‌లైన్‌లో ఏదైనా తప్పు నొక్కుతామేమోనని కాగితం మీదే నింపాం, మనిషికి 760 డాలర్లు. 2025 మార్చి 18న ఇద్దరికీ ఇంటర్వ్యూ, అరగంట తేడాలో. ఇద్దరం పౌరసత్వ పరీక్షలో మొదటి ఆరు ప్రశ్నలకూ సరైన జవాబులే చెప్పాం. ఆమెకు ఏప్రిల్‌లో ప్రమాణం కూడా అయిపోయింది. నాకు మాత్రం ‘ఇప్పుడే నిర్ణయం చెప్పలేం’ అన్న గడిలో టిక్కు పెట్టిన కాగితం చేతికిచ్చి పంపారు. ఎనిమిది నెలలైంది. ఫోన్ చేస్తే ‘మీ కేసు సమీక్షలో ఉంది’ అంటారు, అంతే.

నా పాత పాస్‌పోర్టులో పేరు మొత్తం ఇంటిపేరు గడిలో పడింది. దాంతో మొదటి వీసా మీద నా పేరు ముందు ఎఫ్.ఎన్.యు. (‘మొదటి పేరు తెలియదు’) అని వచ్చింది. మొదటి ఉద్యోగంలో మేనేజరు రెండేళ్ళు నన్ను ‘ఫ్నూ’ అనే పిలిచాడు. తర్వాత పాస్‌పోర్టులో సరిచేయించుకున్నాను. ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ పేరు గురించే రెండుసార్లు అడిగింది. మొదట్లో నేను చేసింది ఒక చిన్న కన్సల్టెన్సీలో, నాలుగు నెలలు ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నాను. అదేమైనా తవ్వుతున్నారా అని భయం. జూన్‌లో కొత్త ఇంట్లో చేరాం, ఆ సంతోషం కూడా లేదు. ఒక ఫ్రెండు కోర్టులో కేసు వెయ్యమంటాడు. ఇంకొకడు తేనెతుట్టెను కదిలించొద్దంటాడు. ఇదంతా ఒక ఎత్తు. మా అమ్మకు సంక్రాంతి తర్వాత గుంటూరులో గుండె ఆపరేషన్. వెళ్తే ఈలోపు ప్రమాణం లెటర్ వస్తుందేమో, వెళ్ళకపోతే... ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫ్నూ దగ్గర నవ్వుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఒక చిన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘జూన్‌లో కొత్త ఇంట్లో చేరాం.’ మీరు దాన్ని దారిలో అనేసి వెళ్ళిపోయారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యమైన సంగతిగా కనిపించింది.

పోస్టాఫీసులో అడ్రసు మార్చుకునే ఉంటారు, అందరూ చేస్తారు. ఇమ్మిగ్రేషన్ శాఖకు విడిగా చెప్పారా? ఇల్లు మారిన 10 రోజుల్లో చెప్పాలన్నది రూలు. ఆ ఫారం పేరు ఏ.ఆర్-11, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, డబ్బు కట్టక్కర్లేదు. పోస్టాఫీసులో పెట్టిన అడ్రసు మార్పు ఈ శాఖ కవర్ల విషయంలో నమ్మడానికి లేదు. చాలా కవర్లు కొత్త ఇంటికి రావు, పంపినవాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళిపోతాయి. ఇంటర్వ్యూ తర్వాత ఆఫీసరుకు ఇంకో కాగితం కావాలనిపిస్తే ఎన్-14 అనే ఉత్తరం పంపుతారు: ఫలానా సంవత్సరం టాక్స్ ట్రాన్స్‌క్రిప్టు పంపండి, ఫలానా టికెట్ తాలూకు కోర్టు కాగితం పంపండి, పాత పేరుకు రుజువు పంపండి అని. దానికో గడువు ఉంటుంది. అది మీ పాత అపార్టుమెంటు డబ్బాలో పడి ఉంటే? అక్కడ మీరు సమాధానం ఇవ్వలేదని వాళ్ళు, ఇక్కడ వాళ్ళు కదలడం లేదని మీరు. మా లైబ్రరీ బల్ల దగ్గర ఈ తంతు నేను చూశాను, ఒకసారి కాదు.

అందుకని ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఒక పని చెయ్యండి. మీరు కాగితం మీద పంపినా, రసీదులు వచ్చిన రోజుల్లో ‘ఆన్‌లైన్ యాక్సెస్ కోడ్’ ఉన్న కాగితం ఒకటి వచ్చి ఉంటుంది. దాన్ని చాలామంది ప్రకటన కాగితం అనుకుని పారేస్తారు. ఆ కోడ్‌తో ఖాతా తెరిచి కేసు కలుపుకోండి. అప్పుడు శాఖ మీకు పంపిన ఉత్తరాలు అందులో కనిపిస్తాయి. అక్కడ ఎన్-14 ఉంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. గడువు దాటిపోయినా సరే, అడిగిన కాగితం, అడ్రసు మారిన సంగతి రాసిన చిన్న ఉత్తరం కలిపి ఆ రోజే పంపెయ్యండి.

అక్కడ ఏమీ లేదనుకుందాం. అప్పుడు ఫైలు ఏ బల్ల మీద ఉందో కనుక్కోవాలి. ఇది మా ఎమ్మార్వో ఆఫీసు మాట. రైతులు వచ్చి ‘నా ఫైలు కదల్లేదమ్మా’ అనేవాళ్ళు. కదలకపోవడానికి ఒకటే కారణం ఎప్పుడూ ఉండదు. సర్వేయరు దగ్గర ఉంటే ఒక మందు, ఆర్.ఐ. రిపోర్టు రాకపోతే ఇంకో మందు. ఒకసారి ఒక ముసలాయన పట్టాదారు పాసుపుస్తకం ఫైలు ఏడాదిగా దొరకలేదు. నా పర్సనల్ రిజిస్టరులో నంబరు ఉంది, ఫైలు లేదు. చివరికి రికార్డు గది ఊడుస్తుంటే అటెండరుకు దొరికింది. బీరువా ఒక కాలు పొట్టిదై ఊగుతుంటే ఎవరో ఆ కాలి కింద మడిచి పెట్టారు. అట్ట మీద గుండ్రంగా తుప్పు మరక. ఆయన మీద ఎవరికీ కక్ష లేదు, ఆయన పొలంలో తగాదా లేదు. ఆ ఏడాదంతా ఆయన మాత్రం ‘నా మీద ఎవరో అర్జీ పెట్టారు’ అని తన పాలివాళ్ళతో మాటలు మానేశాడు.

మీరు కన్సల్టెన్సీ బెంచ్ గురించి భయపడటం చూస్తే నాకు ఆయన గుర్తొచ్చాడు. ఆ భయం ఉత్తదే అనను. పౌరసత్వం ఇచ్చేటప్పుడు గ్రీన్ కార్డు సక్రమంగా వచ్చిందా అని వెనక్కి చూసే అధికారం వాళ్ళకు ఉంది. స్పాన్సర్ చేసిన కంపెనీలో నిజంగా పనిచేశారా అన్న ప్రశ్న మన పిల్లలకు వస్తుంటుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. మీ ఆవిడ గ్రీన్ కార్డు మీ ఉద్యోగం మీదుగానే వచ్చిందనుకుంటున్నాను. పునాది మీద అనుమానం ఉంటే ఆమెకు ఏప్రిల్‌లో అంత తేలిగ్గా ప్రమాణం చేయించేవాళ్ళా? ఇది నా ఊహ, హామీ కాదు. ఆ నాలుగు నెలల తాలూకు పే స్టబ్బులు, డబ్ల్యూ-2లు, ఆఫర్ లెటరు ఒక కవర్లో పెట్టుకోండి. అడిగితే చూపించొచ్చు, అడగకపోతే అలాగే ఉంటాయి.

నాకు అనుమానం పేరు మీదే. ప్రతి దరఖాస్తుదారు పేరునూ ఎఫ్.బి.ఐ. తన రికార్డుల్లో వెతుకుతుంది. వాడిన పేర్లన్నీ, తిప్పి రాసిన రూపాలతో సహా. మన పేర్ల సంగతి మీకు తెలుసు: ఇంటిపేరు ముందు, మధ్యలో తాతగారి పేరు, చివర అసలు పేరు, ఒక సర్టిఫికెట్‌లో పొడి అక్షరాలు, ఇంకోదాంట్లో విడదీసి. ఇవన్నీ ఇద్దరు ముగ్గురు వేరు వేరు మనుషుల్లా కనిపిస్తాయి. అందులో ఏదో ఒక రూపం ఎక్కడో రికార్డులో తగిలితే చాలు, అది మీరు కాదని ఒక మనిషి కూర్చుని తేల్చాలి. 2007లో ఇలా పేర్ల తనిఖీలో ఆగిన దరఖాస్తులు మూడు లక్షలు దాటాయి, అప్పట్లో అది పెద్ద రగడ. ఇప్పుడు అంత లేదు గానీ, ‘మొదటి పేరు తెలియదు’ అని వీసా మీద అచ్చు పడ్డ మనిషి దగ్గర తనిఖీ కాస్త నెమ్మదించడం వింతేమీ కాదు. ఫారంలో ‘వాడిన ఇతర పేర్లు’ అన్న చోట ఎఫ్.ఎన్.యు.తో ఉన్న రూపం రాశారా? రాయకపోతే, రెండు పాస్‌పోర్టుల మొదటి పేజీలూ జత చేసి ఇద్దరూ ఒక్కరేనని ఒక పేజీ ఉత్తరం రాసి ఖాతాలో అప్‌లోడ్ చెయ్యండి.

ఇక అడగడం సంగతి. ఒక నోటుబుక్కు కొనండి. ఫోన్ చేసిన రోజు, మాట్లాడిన మనిషి చెప్పిన పేరు, ఇచ్చిన రెఫరెన్సు నంబరు, చెప్పిన మాట, ఇవి నాలుగూ ఒక వరసలో రాయండి. మీరు ఫోన్ చేస్తున్నానని రాశారు గానీ ఒక్క రెఫరెన్సు నంబరూ రాయలేదు. ‘సమీక్షలో ఉంది’ అన్న జవాబుతో ఫోన్ పెట్టెయ్యకండి. ‘ఇంటర్వ్యూ అయి 120 రోజులు దాటింది, సర్వీస్ రిక్వెస్ట్ నమోదు చెయ్యండి’ అని అడగండి. ఈ 120 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, దాని సంగతి కింద చెబుతాను. మీకు అది జూలై 16తోనే దాటింది.

దానికీ బండజవాబే వస్తే మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్ళండి. వాషింగ్టన్ కాదు, మీ నియోజకవర్గంలో ఉండే ఆఫీసు. ఇక్కడ మనవాళ్ళకు రెండు అపోహలు. ఓటు లేనివాడికి ఎందుకు చేస్తారని ఒకటి. ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, ఓటు ఎవరూ అడగరు. రెండోది, ఇది మన ఎమ్మెల్యే సిఫార్సు లెటరు లాంటిదని. కాదు. ‘ఇతనికి ఇవ్వండి’ అని వాళ్ళు చెప్పరు, చెప్పలేరు. ‘ఈ ఫైలు ఎక్కడుంది?’ అని అడుగుతారు, అంతే. కానీ ఆ ప్రశ్నకు జవాబు రాయాలంటే ఎవరో ఒకరు లేచి వెళ్ళి ఫైలు తియ్యాలి కదా. మనకు కావలసింది అదే.

నా సంగతే చెబుతాను. 2012లో నా దరఖాస్తూ ఇంటర్వ్యూ తర్వాత ఆగిపోయింది. ఆరు ఉత్తరాలు రాశాను, చక్కటి ఇంగ్లీషులో, ప్రతిదీ ముందుదాని కంటే పొడుగు. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్ళాను. పిజ్జా షాపుకూ డ్రై క్లీనింగ్ షాపుకూ మధ్య చిన్న గది. పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి నా కథంతా వినలేదు. మధ్యలోనే ఆపి, నా వివరాలు వాళ్ళు అడిగి తెలుసుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఒక పేజీ ప్రైవసీ రిలీజ్ ఫారం ఇచ్చింది. సంతకం చేశాను. కాస్త కోపం కూడా వచ్చింది, ఇంత బాధ చెబుతుంటే వినదేమిటని. ఐదు వారాలకు ఆమె పంపిన ఈమెయిల్లో రెండు వాక్యాలు. నా ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ‘దారిలో’ ఉందట. తొమ్మిది నెలలుగా దారిలో. పంపినవాళ్ళ లెక్కలో అక్కడికి చేరింది, అందుకోవాల్సినవాళ్ళ లెక్కలో ఇంకా రాలేదు. బీరువా కాలు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నలభై రోజుల్లో ప్రమాణం లెటరు వచ్చింది.

ఒక్క సభ్యుడినే పట్టుకోండి. ఇద్దరు సెనేటర్లకూ, ఇంకొకరికీ కలిపి రాస్తే ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు పక్కన పెడతారు.

కోర్టు సంగతి. మీ ఫ్రెండు చెప్పింది గాలిమాట కాదు. ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే, మీ ప్రాంతపు ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళే హక్కు చట్టంలోనే ఉంది. జడ్జి తానే నిర్ణయించవచ్చు, లేదా ఇన్ని రోజుల్లో తేల్చమని తిరిగి పంపవచ్చు. కోర్టు ఫీజు 405 డాలర్లు, లాయరు ఖర్చు వేరే. జవాబు ఇవ్వడానికి ప్రభుత్వానికి 60 రోజులు ఉంటుంది, చాలా ఫైళ్ళు ఆ 60 రోజుల్లోనే కదులుతాయి. అయితే ఒక హెచ్చరిక. కేసు వేస్తే దొరికేది నిర్ణయం. అది ‘సరే’ అని ఉంటుందన్న పూచీ లేదు. కాబట్టి ముందు మీ ఎ-ఫైలు (ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గరున్న మీ పూర్తి ఫైలు) కాపీ తెప్పించుకుని చూసుకోండి. ఆన్‌లైన్‌లో అడగొచ్చు. అందులో మీకు తెలియని ముల్లు ఏదీ లేదని లాయరు చూసి చెప్పాక వెయ్యండి. నా మట్టుకు నేనైతే కాంగ్రెస్ ఆఫీసుకు రెండు నెలలు ఇచ్చి, ఆ తర్వాత ఆలోచిస్తాను.

తేనెతుట్టె ఫ్రెండుకు నా మాటగా చెప్పండి: అడిగినందుకు ఫైలు మీద కోపం తెచ్చుకునేంత తీరిక ఏ గుమస్తాకూ ఉండదు. పద్దెనిమిదేళ్ళలో నాకు లేదు.

ఇప్పుడు అమ్మగారి సంగతి. దీన్ని మీరు ఉత్తరం చివర రాశారు, అసలు మొదట రాయాల్సింది. వెళ్ళండి బాబూ. దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటకూడదని ఎక్కడా లేదు. ఆరు నెలలు దాటకుండా తిరిగి రావాలి, మీరు అనుకుంటున్నది కొన్ని వారాలే కదా. గ్రీన్ కార్డు గడువు అయిపోవస్తుంటే ఎన్-400 రసీదు కూడా వెంట పెట్టుకోండి. 2022 డిసెంబరు 12 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకు ఆ రసీదే కార్డు గడువును 24 నెలలు పొడిగిస్తుంది. వెళ్ళేముందు పోస్టాఫీసువాళ్ళ ‘ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ’లో చేరండి, ఉచితం. మీ డబ్బాలోకి రాబోయే కవర్ల ఫొటోలు పొద్దున్నే ఈమెయిల్లో వస్తాయి, గుంటూరు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని చూసుకోవచ్చు. ప్రమాణం లెటరు వచ్చిందనుకోండి, కారణం రాసి ఇంకో తేదీ అడగండి. ఒకసారి వాయిదా అడిగితే కొంప మునగదు. కారణం చెప్పకుండా ఒకటికి మించి మానేస్తేనే దరఖాస్తు వదులుకున్నట్టు లెక్కగడతారు. తిరిగొచ్చాక ఆ లెటరు వెనక ‘ఇంటర్వ్యూ తర్వాత దేశం బయటికి వెళ్ళారా?’ అన్న ప్రశ్న ఉంటుంది. వెళ్ళానని రాయండి, అంతే.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. వెళ్ళడానికి ఇదే మంచి సమయం. ప్రమాణం రోజు లోపలికి వెళ్ళేటప్పుడే గ్రీన్ కార్డు తీసేసుకుంటారు. ప్రమాణం చేసిన క్షణం నుంచి మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మీరు భారత పౌరులు కారు, ఆ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే నేరం. అమెరికా పాస్‌పోర్టు కోసం పౌరసత్వం సర్టిఫికెట్ అసలు ప్రతిని కూడా పంపెయ్యాలి. అది వచ్చాక పాత పాస్‌పోర్టు సరెండర్ చెయ్యడం, ఓ.సి.ఐ. (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే కార్డు) కోసమో వీసా కోసమో తిరగడం. ఆ కొన్ని వారాలు చేతిలో ఏ కాగితమూ లేని మనిషి మీరు. మా లైబ్రరీకి వచ్చే ఒకాయనకు సరిగ్గా ఆ వారాల్లోనే నాన్నగారు పోయారు. ఎమర్జెన్సీ అపాయింట్‌మెంట్లు సంపాదించి, వీసా తెచ్చుకుని ఆయన వెళ్ళేసరికి పదో రోజు. ఈరోజు మీ దగ్గర ఇండియన్ పాస్‌పోర్టు ఉంది, గ్రీన్ కార్డు ఉంది. టికెట్ కొనుక్కోండి.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇంటర్వ్యూలో పాసయ్యాను, ‘ఆమోదానికి సిఫార్సు చేశాం’ అన్న కాగితం ఇచ్చారు. నాతో పాటు అదే రోజు పాసైన తమిళావిడకు వారంలో ప్రమాణం అయింది. నాకు మూడు నెలలైనా పిలుపు లేదు. మా ఇద్దరికీ తేడా ఏమిటంటే, నేను ఫారంలో మా వారి ఇంటిపేరు చేర్చమని అడిగాను. దానివల్లేనా?

జవాబు: దానివల్లే అయి ఉంటుందమ్మా. మామూలు ప్రమాణం ఇమ్మిగ్రేషన్ అధికారులే చేయించేస్తారు. పేరు మార్చే అధికారం మాత్రం వాళ్ళకు లేదు, అది జడ్జి చెయ్యాలి. అందుకని పేరు మార్పు అడిగినవాళ్ళను కోర్టులో జరిగే ప్రమాణానికి పంపుతారు, అది జడ్జి గారి క్యాలెండరును బట్టి ఉంటుంది. విడిగా ఫీజు లేకుండా పేరు మారిపోతుంది, ఆ పేరే సర్టిఫికెట్ మీద వస్తుంది కాబట్టి తొందర లేకపోతే ఓపిక పట్టమనే నా సలహా. తొందర ఉంటే పేరు మార్పు వద్దనుకుంటున్నానని రాసిచ్చి మామూలు ప్రమాణానికి పంపమని అడగొచ్చు. తర్వాత మీ రాష్ట్ర కోర్టులో మార్చుకోవచ్చు గానీ దానికి డబ్బు, ఇంకోసారి తిరుగుడు. ఆ తర్వాత పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ, లైసెన్సు, బ్యాంకు, అన్నీ మళ్ళీ మొదటికి. మా వారి ఇంటిపేరు నేను చేర్చుకోలేదు, ఆయనేమీ అనుకోలేదు. అది మీ ఇష్టం.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్ళు. 2002లో గ్రీన్ కార్డు మీద వచ్చింది. మాది ఒంగోలు దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి పొగాకు గ్రేడింగుకు వెళ్ళిన చేతులు. 2025 ఫిబ్రవరిలో పౌరసత్వానికి పెట్టాం. వేలిముద్రలు పడలేదని రెండుసార్లు తిప్పి పంపారు. మెషీను మీద వేలు నొక్కి నొక్కి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇక రాదా? పైగా ఆమెకు ఇంగ్లీషు రాదు.

జవాబు: వస్తుంది నాయనా. ముందు అమ్మగారికి చెప్పండి, ఆ వేళ్ళు అరిగింది పనిచేసినందుకు. మన ఊళ్ళో రేషను షాపు ఈ-పాస్ మిషను దగ్గర కూడా ఇదే గోల, వేలిముద్ర పడక వట్టి సంచీతో వెనక్కి వెళ్ళిన ముసలమ్మలు ఎందరో.

రెండుసార్లూ ముద్రలు పనికిరాకపోతే ఇంకో దారి ఉంది. ఆమె గత ఐదేళ్ళలో ఎక్కడెక్కడ ఉందో అక్కడి పోలీసుల దగ్గర నుంచి, ఆమె మీద కేసులేవీ లేవని ఒక లెటరు తేవాలి. ఇవి ఇంటర్వ్యూకు తీసుకురమ్మని చెబుతారు, చెప్పేదాకా ఆగకుండా ముందే తెచ్చి పెట్టుకోండి. కొన్ని చోట్ల అదే రోజు ఇస్తారు, కొన్ని చోట్ల వారం పడుతుంది. ఐదేళ్ళలో రెండు ఊళ్ళలో ఉంటే రెండు లెటర్లు. మూడోసారి పిలిస్తే మాత్రం దానికి రెండు వారాల ముందు నుంచి గిన్నెలు తోమనివ్వకండి, రాత్రిళ్ళు చేతులకు కొబ్బరినూనె రాయండి. ఆ రోజు పొద్దున మాత్రం రాయకండి, జారుతుంది. మా అత్తగారికి ఇలాగే నాలుగు వేళ్ళు పడ్డాయి.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. 65 ఏళ్ళు దాటి, గ్రీన్ కార్డు వచ్చి 20 ఏళ్ళు నిండినవాళ్ళు పరీక్ష తెలుగులోనే ఇవ్వొచ్చు, దుబాసీని మీరే తీసుకెళ్ళాలి. కొడుకు గదా అని మీరే కూర్చుందామనుకుంటే కొందరు ఆఫీసర్లు ఒప్పుకోరు, అందుకని బయటి మనిషిని ఒకరిని సిద్ధంగా ఉంచుకోండి. వాళ్ళకు విడిగా 20 ప్రశ్నల చిన్న జాబితా ఉంది, అందులోంచి 10 అడుగుతారు, ఆరు చెబితే చాలు.

ఆ జాబితాలో ఒక ప్రశ్న దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మనం స్వాతంత్ర్య దినోత్సవం ఎప్పుడు జరుపుకుంటాం?’ మా లైబ్రరీలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా పెద్దవాళ్ళు ఠక్కున చెప్పే జవాబు ఆగస్టు పదిహేను. నిద్రలో లేపి అడిగినా అదే వస్తుంది, చిన్నప్పుడు బళ్ళో చేతిలో పెట్టిన బిళ్ళలు గుర్తొచ్చి కాబోలు. దుబాసీ దానికి ‘అమెరికాది’ అని తన మాట కలపకూడదు, అడిగింది అడిగినట్టే చెప్పాలి. అందుకని ఇంట్లో రోజూ ఆ ప్రశ్న ‘మనం’ అనే అడగండి. ఆ గదిలో కూర్చున్నంతసేపు ‘మనం’ అంటే జూలై నాలుగు అని అమ్మగారికి చెప్పి ఉంచండి.